లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అనేది మోటారు వాహనంలో ఒక చక్రం పట్టు తప్పి జారినపుడు, పట్టు ఉన్న చక్రానికి ఎక్కువ టార్క్ అందేటట్లు చేసే యంత్ర భాగం.

అవసరం

మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే వేగంగా తిరగాలి. సాధారణ డిఫరెన్షియల్ ఇందుకు వీలు కల్పిస్తుంది, కానీ రెండింటికీ సమానమైన టార్క్‌నే ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారితే, దానిని తిప్పడానికి సరిపడే స్వల్ప టార్కే రెండవదానికీ అందుతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో

నాలుగు చక్రాలూ ఎల్లప్పుడూ నడిచే కార్లలో సాధారణంగా మూడు డిఫరెన్షియళ్ళుంటాయి: ముందు, మధ్య, వెనుక. మూడూ సాధారణ రకానివైతే ఒక్క చక్రం జారినా కారు నిలిచిపోవచ్చు. 1980లో వెలువడిన ఆడి క్వాట్రోలో మధ్య, వెనుక డిఫరెన్షియళ్ళను డ్రైవరే లాక్ చేయవలసి ఉండేది. 1980ల చివరికి మధ్యలో, తనంతట తానే పనిచేసే టార్సెన్ రకం వచ్చింది.

అమరిక, జాగ్రత్తలు

ముందు ఇరుసుకు అమరిస్తే స్టీరింగు బరువెక్కవచ్చు. కనుక తరచుగా వెనుక ఇరుసుకే అమర్చుతారు. క్లచ్ పలకల రకానికి తగిన ప్రత్యేక గేర్ ఆయిల్ వాడాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, దాదాపు సమానంగా అరిగినవై ఉండాలి. లేనిచో తిన్నని రోడ్డుపై కూడా పలకలు ఒరుసుకొని వేడెక్కి అరిగిపోతాయి. ఒక చక్రాన్ని జాకీపై లేపి ఇంజనును గేరులో నడపరాదు. నేలపైనున్న చక్రాలు తిరిగి కారు జాకీపై నుండి పడిపోగలదు.