పిల్లి గురగురమంటే ప్రేమేనా? మా పులుసుగాడి కథ

ఈరోజు ఒక పాత రీల్‌తో స్టార్ట్ చేద్దాం. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా: నా ఒళ్లో ఒక పసుపు చారల పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది. కళ్లు సగం మూసుకుంది. మైక్ దగ్గర పెట్టాను కాబట్టి గురగుర శబ్దం పెద్దగా వినిపిస్తుంది. కింద నేను రాసిన క్యాప్షన్: "ఈరోజు నా మీద ప్రేమ పొంగిపోతోంది."

ఆ రోజు నా మీద ప్రేమ పొంగిపోలేదు. ఆ పిల్లికి అప్పటికి చాలాసేపటి నుంచి మూత్రం ఆగిపోయి ఉంది. అది నొప్పితో గురగురమంటోంది. నేనేమో దాన్ని ఎడిట్ చేసి, మ్యూజిక్ పెట్టి అప్‌లోడ్ చేశాను.

అందుకే ఈ ఎపిసోడ్. పిల్లి ప్రేమ ఎలా చూపిస్తుందో ఇంటర్నెట్ నిండా లిస్టులు ఉన్నాయి, నేనూ అవే చదివాను. ఆ లిస్టులన్నీ ఒక చోట చెయ్యి వదిలేస్తాయి. ఆ చోటికి వద్దాం, ముందు మా ఇంటి సంగతి వినండి.

మాది తడ. ఒక పక్క హైవే, ఇంకో పక్క పులికాట్ సరస్సు, కాస్త ముందుకెళ్తే తమిళనాడు. బీటెక్ అయ్యాక కొన్నేళ్లు చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చినవాణ్ణి మళ్లీ వెనక్కి పోలేదు. అప్పుడొచ్చింది ఈ పిల్లి. ఆదివారం అమ్మ చేపలు కడుగుతుంటే గోడ మీద కూర్చుని చూసింది. పులుసు మరిగేటప్పటికి గుమ్మం దగ్గరికి, మేం తినేటప్పటికి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. పేరు కోసం పెద్దగా ఆలోచించలేదు. పులుసు. మగపిల్లి కాబట్టి పులుసుగాడు.

అమ్మకి ఇష్టం లేదు. "కుక్కకి ఉండే విశ్వాసం పిల్లికి యాడుంటుందిరా? చేప తలకాయ కోసం వచ్చుండాది, నీ కోసమా?" అనింది.

అమ్మ ఒక్కతే కాదు, మన భాషంతా పిల్లి మీద పగబట్టినట్టే ఉంటుంది. పిల్లి ఎదురొస్తే అపశకునం. పిసినారి అయితే పిల్లికి బిచ్చం పెట్టడు. దొంగచాటు పని చేస్తే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఒక్క మంచి మాట మాత్రం మన తిరుపతి వైపే ఉంది. శ్రీవైష్ణవంలో మార్జాల కిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లే మెడ దగ్గర నోటితో పట్టుకుని మోసుకెళ్తుంది. దేవుడి మీద అలా భారం వేసి ఉండాలని చెప్పడానికి ఆ పోలిక. ఈ కూన సంగతి గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇంతకీ కుక్క ప్రేమ మనకి ఈజీగా, పిల్లి ప్రేమ కష్టంగా ఎందుకు అర్థమవుతుంది? కుక్క తోడేలు వంశం. గుంపులో బతికే జంతువుకి మొహం మీద, ఒంటి మీద సిగ్నల్స్ ఎక్కువ కావాలి. పిల్లి వచ్చింది ఆఫ్రికా, పశ్చిమాసియాల అడవిపిల్లి నుంచి. అది ఒంటరిగా వేటాడే జంతువు, ఎవరికీ పెద్దగా ఏమీ చెప్పాల్సిన పని లేదు. ధాన్యం కొట్ల దగ్గర ఎలుకల కోసం మన పక్కకి చేరి సుమారు 10,000 ఏళ్లు అయి ఉంటుంది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధి పక్కనే పిల్లిని కూడా పాతిపెట్టి ఉండటం 2004లో బయటపడింది. అంటే అప్పటికే ఎవరికో ఒకరికి పిల్లి అంటే ఎలుకలు పట్టే మిషన్ మాత్రమే కాదు.

అలా పిల్లి దగ్గర ఉన్నవి కొన్ని చిన్న చిన్న సిగ్నల్సే. వాటిలో ఎక్కువ భాగం కూనగా ఉన్నప్పుడు తల్లి దగ్గర వాడినవి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి "మ్యావ్" అని మాట్లాడుకోవడం చాలా తక్కువ. దెబ్బలాటప్పుడు, జత కోసం చేసే అరుపులు వేరే. మ్యావ్ అనేది కూన తల్లిని పిలిచే పిలుపు. మన ఇంట్లో పిల్లి పెద్దదైనా ఆ పిలుపు ఆపదు, మనకోసం దాచిపెట్టుకుంటుంది.

అలాగే మీ పొట్ట మీదో దుప్పటి మీదో ముందుకాళ్లతో చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతుంది కదా? పాలు తాగేటప్పుడు కూన తల్లి పొట్టని అలాగే నొక్కుతుంది. పులుసుగాడు నా పాత కాలేజీ టీషర్ట్ మీద తప్ప ఇంకెక్కడా పిసకడు. గోళ్లు దిగుతాయి, నొప్పి పుడుతుంది. అయినా లాగెయ్యకండి, మధ్యలో ఒక టవల్ వేసుకోండి.

ఇక కాళ్లకి రాసుకోవడం. అమ్మ దీన్నే "చేప కోసం నాటకాలు" అనేది. సగం కరెక్టే, తిండి టైమ్‌కి అది ఎక్కువవుతుంది. కానీ బుగ్గల దగ్గర, కణతల దగ్గర పిల్లికి వాసన గ్రంథులు ఉంటాయి. తల, బుగ్గ మీకు రాసిందంటే తన వాసన మీకు అంటిస్తోందని అర్థం. కలిసి బతికే పిల్లులు ఒకదానికొకటి ఇలాగే రాసుకుంటాయి. మీరు బయటికెళ్లి బస్సు వాసన, ఇంకెవరిదో కుక్క వాసన మోసుకొచ్చారనుకోండి, అది గుమ్మంలోనే మళ్లీ తన వాసన రాస్తుంది.

తోక కూడా చూడండి. నిటారుగా, కొస కొంచెం వంగి, మీవైపు నడిచొస్తుంటే అది ఫ్రెండ్లీ పలకరింపు. కానీ కూర్చుని తోక అటూ ఇటూ టపటపా కొడుతుంటే చిరాకులో ఉందని అర్థం. కుక్క తోక ఊపడంతో పోల్చుకుని చెయ్యి పెట్టి గీరించుకున్నవాళ్లు చాలామంది, నాతో సహా. పొట్ట చూపించి దొర్లడం కూడా అంతే. "నీ ముందు నాకు భయం లేదు" అని చెప్తోంది. "పొట్ట నిమురు" అనడం లేదు.

గీరడం అన్నాను కాబట్టి ఒక చిన్న బ్రేక్. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పసుపు పెట్టి వదిలెయ్యొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. రేబిస్ కుక్కలతోనే వస్తుందనుకోవడం తప్పు.

సరే, నాకు అన్నిటికంటే నచ్చింది కళ్ల సంగతి. ఇంగ్లండ్‌లో ససెక్స్, పోర్ట్స్‌మత్ యూనివర్సిటీల వాళ్లు 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. పిల్లి వైపు చూస్తూ నెమ్మదిగా కళ్లు సగం మూసి, మూసి తెరిస్తే, పిల్లులు కూడా తిరిగి కళ్లు చికిలించడం ఎక్కువైంది. కొత్త మనిషి అలా చేసినా, మొహంలో ఏ భావమూ లేకుండా ఉన్నప్పటికంటే ఎక్కువగా అతని చేతి దగ్గరికి వచ్చాయి. రెప్ప వేయకుండా తేరిపార చూస్తే పిల్లికి అది బెదిరింపులా ఉంటుంది. రెప్పలు వాల్చడం దానికి రివర్స్.

ఇది చదివాక మా ఇంట్లో ఒక మిస్టరీ విడిపోయింది. ప్రేమగా పిలిచేది నేను, వెంటపడేది నేను, ఎత్తుకునేది నేను. అది వెళ్లి పడుకునేది మాత్రం అమ్మ పక్కన! టీవీ సీరియల్ చూస్తూ అమ్మ దానివైపు కన్నెత్తి కూడా చూడదు. పిల్లి దృష్టిలో అంతకంటే మర్యాదస్తురాలు లేదు. స్విట్జర్లాండ్‌లో డెన్నిస్ టర్నర్ అనే ఆయన పిల్లులూ మనుషులూ ఎలా మెలుగుతారో ఏళ్లతరబడి గమనించారు. మనం మొదలుపెట్టిన సాంగత్యం కంటే పిల్లి తనంతట తాను వచ్చి మొదలుపెట్టిన సాంగత్యమే ఎక్కువసేపు సాగుతుందని తేల్చారు.

"మరి విశ్వాసం?" అంటారా. 2019లో అమెరికాలో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు చిన్నపిల్లల మీద చేసే టెస్ట్‌నే పిల్లికూనల మీద చేశారు. కొత్త గదిలో పెంచిన మనిషితో 2 నిమిషాలు, ఒంటరిగా 2 నిమిషాలు, మళ్లీ ఆ మనిషితో 2 నిమిషాలు. సుమారు 64 శాతం కూనలు మనిషి తిరిగి రాగానే కుదుటపడి, కాసేపు దగ్గరకొచ్చి, మళ్లీ గది చూసుకోవడానికి వెళ్లాయి. మనుషుల పిల్లల్లో ఈ లెక్క 65 శాతం దగ్గర ఉంటుంది. జపాన్‌లో అత్సుకో సైటో టీమ్ అయితే పిల్లులు యజమాని గొంతునీ, తమ పేరునీ గుర్తుపడతాయని చూపించింది. చెవి తిప్పుతాయి, తల తిప్పుతాయి. లేచి రావడం మాత్రం వాటి ఇష్టం.

చచ్చిన బల్లిని తెచ్చి చెప్పుల మీద పెడితే "గిఫ్ట్" అంటారు కదా, నాకు దాని మీద అంత నమ్మకం లేదు. తల్లిపిల్లి కూనలకి వేట తెచ్చిపెట్టేది నిజమే. కానీ దొరికిన తిండిని సేఫ్ ప్లేస్‌కి తెచ్చుకోవడం కూడా అయ్యుండొచ్చు. ఆ సేఫ్ ప్లేస్ మన ఇల్లే అనుకుంటే నాకు అదే చాలు.

ఇప్పుడు గురగుర. లిస్టులు చెయ్యి వదిలేసే చోటు ఇదే. కూన పాలు తాగేటప్పుడు గురగురమంటుంది, తల్లి కూడా అంటుంది. ఒళ్లో హాయిగా ఉన్నప్పుడూ అంటుంది. ఆకలేసినప్పుడు చేసే గురగుర లోపల సన్నటి ఏడుపు లాంటి శబ్దం కలిసి ఉంటుందని, అది మన చెవికి అర్జెంట్‌గా వినిపిస్తుందని కారెన్ మెకూంబ్ బృందం 2009లో రికార్డింగులతో చూపించింది. పొద్దున అయిదింటికి మనల్ని లేపేది అదే. ఇవి కాక దెబ్బ తగిలినప్పుడు, జబ్బు చేసినప్పుడు, ఒక్కోసారి చనిపోయే ముందు కూడా పిల్లి గురగురమంటుంది. అంటే ఒకే శబ్దం, నాలుగు అర్థాలు. శబ్దం ఒక్కటే వింటే ఏదో తెలీదు, మిగతా ఒళ్లంతా చూడాలి.

ఆ ఆదివారం నేను చూడలేదు. నవంబర్, పొద్దున్నుంచి వాన. పులుసుగాడు ఇసుక ట్రేలోకి మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చుంటున్నాడు, ముక్కుతున్నాడు, బయటికొచ్చి కింద నాక్కుంటున్నాడు. మలబద్ధకం అనుకున్నా. మధ్యాహ్నం వేసిన చేప ముక్క ముట్టలేదు. తర్వాత వచ్చి నా ఒళ్లో ముడుచుకుని గురగుర మొదలుపెట్టాడు. మామూలుగా వాడు అంతసేపు ఒళ్లో ఉండడు, నాకు గర్వంగా అనిపించింది. ఫోన్ తీశాను.

సాయంత్రం పట్టుకున్నది అమ్మ. ఏడేళ్లుగా సీరియల్ మిస్సవ్వని మనిషి టీవీ ఆపేసి వచ్చింది. "ఒరే, వీడు పొద్దుటి నుంచి నా పక్కకి రాలేదు. తోక యాడికి పోయింది? కళ్లు చూడు, నన్ను చూసి మూయలేదు." పరిశోధనలు చదివింది నేను, చూసింది ఆమె.

మాకు తెలిసిన పశువుల డాక్టర్ ఆ రోజు ఊళ్లో లేరు. పక్కింటి అన్న కారు తీసుకుని, బుట్టలో పిల్లిని పెట్టి, ఆరంబాకం, గుమ్మిడిపూండి దాటి ఆ వానలో దాదాపు 80 కిలోమీటర్లు చెన్నై వెళ్లాం. దారంతా గురగుర. డాక్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది?" నా దగ్గర జవాబు లేదు. టెస్టింగ్‌లో ఉన్నన్నాళ్లు లాగ్స్ చూడకుండా "అంతా బాగుంది" అన్నవాళ్లని తిట్టినవాణ్ణి నేను.

మగపిల్లుల్లో మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. చిన్న స్ఫటికాలో, జిగురో అడ్డుపడితే చాలు, మూసుకుపోతుంది. లోపల విషాలు పేరుకుని, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మత్తిచ్చి, సన్నటి గొట్టం పెట్టి తీశారు. మూడు రోజులు అక్కడే ఉంచారు. బతికాడు.

కాబట్టి మీ దగ్గర మగపిల్లి ఉంటే ఇది రాసి పెట్టుకోండి: ట్రేలోకి పదేపదే వెళ్లడం, ముక్కినా చుక్క రాకపోవడం, తిండి మానేయడం, ఒక మూల నక్కడం. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, గురగురమంటున్నా సరే. మూలలో నక్కిందంటే అలిగిందనుకోకండి. బలహీనంగా ఉన్న సంగతి దాచుకోవడం చిన్న జంతువులకి అలవాటు, ఎందుకంటే పిల్లి వేటాడేదే కాదు, వేటకి దొరికేది కూడా. పిల్లి ప్రేమ గుర్తులు తెలిసి ఉండటం వల్ల నాకు కనిపించిన అసలు లాభం ఇదే, అవి ఏ రోజు కనిపించకుండా పోయాయో తెలుస్తుంది.

ఇంటికొచ్చాక వాడు నా దగ్గరికి రావడానికి వారం పైనే పట్టింది. బుట్టలో పెట్టి మూత వేసింది నేనే కదా. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ విన్నారా? ఒక్కసారి వేడి పాలతో మూతి కాలాక జన్మలో పాలగిన్నె మొహం చూడలేదు. కథే అయినా పిల్లి గురించి కరెక్ట్‌గానే చెప్పారు. (అన్నట్టు పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు. నీళ్లు పెట్టండి, బోలెడు పెట్టండి.) నేను వెంటపడలేదు. నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, అప్పుడప్పుడు వాడివైపు చూసి నెమ్మదిగా కళ్లు మూసేవాణ్ణి. ఎనిమిదో రోజు వాడూ మూశాడు. పాత టీషర్ట్ తీసుకొచ్చి పక్కన పరిచాను.

అమ్మ ఇప్పటికీ పిల్లికి విశ్వాసం ఉందని ఒప్పుకోలేదు. కానీ నాకంటే ముందు లేచి ట్రే చూసేది ఆమే. నేను కళ్లు నులుముకుంటూ గదిలోంచి బయటికొస్తే, టిఫిన్ సంగతి కూడా ఎత్తకుండా మొదట చెప్పే మాట: "పోసినాడులేరా."

సరే ఫ్రెండ్స్, వచ్చే వారం కలుద్దాం.