మంచు లేని ఊళ్లో ఆటగాడు ఎలా తయారవుతాడు?

లడఖ్‌లో చలికి చెరువులు గడ్డకడితే పిల్లలు ఐస్ హాకీ ఆడతారు. మన కోనసీమలో ఐసు కనిపించేది చేపల పెట్టెల్లోనే! ఇక్కడ చేతికందేది షటిల్ బ్యాటు.

అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి వాళ్ల నాన్న వ్యాయామ ఉపాధ్యాయుడు. సాత్విక్ 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో చేరాడు. పదమూడు పద్నాలుగేళ్లకే ఇల్లు వదలడం, నన్నడిగితే, అదే అసలు కష్టం.

మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ అతణ్ణి ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపాడు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరికీ వెనకనుంచి బాదడమే ఇష్టం. మరి నెట్ దగ్గర ఎవరు? చిరాగ్ ముందుకు రావడం నేర్చుకున్నాడు. 2023లో ప్రపంచ నంబర్ 1 జోడీ అయ్యారు.

అదే ఏడాది సాత్విక్ స్మాష్ వేగం గంటకు 565 కిలోమీటర్లని గిన్నిస్‌కెక్కింది. అవతలివాళ్లు ఎలా తీస్తారంటారా? బ్యాటు వదిలిన క్షణం నుంచే కాక్‌కున్న 16 ఈకలూ గాలికి అడ్డుపడతాయి. నెట్ దాటేసరికి ఆ జోరు బాగా తగ్గిపోతుంది.