ఊయలకన్నా ముందు సిద్ధం చేయవలసినవి

గత రమజాన్ మాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి ఫోను చేశాడు. వివాహమై పదకొండేళ్లయినా సంతానం లేదు. భారతదేశం నుండి ఒక బిడ్డను తెచ్చుకొని పెంచుకుందామని దరఖాస్తు చేసి రెండేళ్లయింది.

"హజ్రత్, గది సర్దాము, ఊయల కొన్నాము. ఇంకేం చేయాలో తోచడం లేదు. ఎదురుచూపు భారంగా ఉంది" అన్నాడు. కాసేపాగి, "బంధువులందరికీ మా కన్నబిడ్డే అని చెబుదామనుకుంటున్నాము. దూరదేశంలో ఉన్నాము కదా, ఎవరికీ తెలియదు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ఇరవై ఏళ్లనాటి ఒక నికాహ్ గుర్తుకు వచ్చింది. రిజిస్టరు తెరిచి వధువు తండ్రి పేరు అడిగాను. ఆమెను పెంచిన పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, ఆమె తన కన్నబిడ్డ కాదనీ, ఆ సంగతి ఆమెకు తెలియదనీ చెప్పి కన్నీరు పెట్టుకున్నాడు. ఆ సత్యం ఆ పూటే ఆమెకు చెప్పవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. "ఈ సంగతి అందరికీ తెలుసా?" అని మాత్రం అడిగింది.

అనాథను పోషించడాన్ని ఇస్లాం ఎంతగానో ప్రోత్సహించింది. అనాథ సంరక్షకుడు స్వర్గంలో తనకెంత దగ్గరగా ఉంటాడో దైవప్రవక్త (స) రెండు వేళ్లు చూపి తెలిపారు. ఇస్లాం వారించినది బిడ్డ వంశాన్ని చెరిపివేయడాన్ని మాత్రమే. హజ్రత్ జైద్ (రజి) ప్రవక్త (స) ఇంట పెరిగి, జైద్ బిన్ ముహమ్మద్‌గా పిలువబడేవారు. అహ్‌జాబ్ సూరాలోని 4, 5 ఆయతులు అవతరించాక ఆయన మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యారు. పేరు మారింది గాని ప్రేమ తగ్గలేదు. మూతా యుద్ధంలో సేనకు నాయకుడిగా ప్రవక్త (స) ఎంచుకున్నది ఆయననే. తండ్రి ఎవరో తెలియని పిల్లల గురించి కూడా అదే ఆయతు, వారు మీ ధార్మిక సోదరులని బోధించింది. అంటే ఏ బిడ్డా దిక్కులేనిది కాదు.

ఇక చట్టం సంగతి. దేశాంతర దత్తత గురించిన 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. ఈ వ్యవహారమంతా 'కారా' అనే కేంద్ర సంస్థ ద్వారా నడుస్తుంది. దంపతుల గృహ పరిస్థితులపై నివేదిక, బిడ్డ గురించిన నివేదిక, వైద్య నివేదిక, కారా నిరభ్యంతర పత్రం, జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు వంటి దశలు దాటాలి. జువెనైల్ జస్టిస్ చట్టం క్రింద ముస్లింలు కూడా దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే ఆ చట్టం దత్తబిడ్డను కన్నబిడ్డతో సమానం చేస్తుంది, షరీఅత్ అలా చేయదు. కనుక రెండూ తెలిసిన ముఫ్తీని ముందే సంప్రదించడం అవసరం.

ఎదురుచూపులో చేయదగిన పనులు చాలా ఉన్నాయని నా విద్యార్థికి చెప్పాను. వచ్చేది రెండేళ్లలోపు శిశువైతే స్తన్యం ద్వారా బంధుత్వం ఏర్పడుతుంది. హనఫీ మజ్‌హబ్‌లో ఒక్కసారి పాలు త్రాగినా చాలు, షాఫియీలో ఐదుసార్లు త్రాగాలి. ప్రసవించని స్త్రీకి కూడా వైద్యుల పర్యవేక్షణలో పాలు పడే అవకాశం ఉంది. దానికి కొన్ని నెలల ముందే పూనుకోవాలి. అలా త్రాగితే రేపు ఎదిగిన బిడ్డకు ఇంట్లో పరదా సమస్య ఉండదు. పెంపుడు బిడ్డ షరీఅత్ ప్రకారం వారసత్వానికి రాదు కనుక, ఆస్తిలో మూడోవంతుకు మించకుండా వసీయతు ఇప్పుడే వ్రాసి ఉంచాలి. బిడ్డ పెరిగిన చోటి భాష, తిండి, నిద్రపుచ్చే తీరు అడిగి తెలుసుకోవాలి. బిడ్డతో వచ్చే ప్రతి కాగితాన్నీ భద్రపరచాలి. అది ఆ బిడ్డ సొత్తు.

అన్నిటికన్నా ముందు సత్యం చెప్పడానికి మనసు సిద్ధం కావాలి. మాటలు రాని వయసు నుండే, "అల్లాహ్ నిన్ను మా ఇంటికి పంపాడు, మేము నీకోసం ఎంతో కాలం ఎదురుచూశాము" అని చెబుతూ ఉంటే, ఆ మాట ఒకనాడు హఠాత్తుగా వచ్చి పడదు.

నెల తర్వాత మళ్లీ ఫోను వచ్చింది. కర్నూలులోని తల్లికి ఉన్నదున్నట్లు చెప్పాడట. ఆమె ఆ రాత్రంతా మాట్లాడలేదట. ఫజ్ర్ నమాజు తర్వాత తానే ఫోను చేసి, "బిడ్డ ఏం తింటుందో కనుక్కున్నావా?" అని అడిగిందట.

ఆ ఊయల ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఇంటి ఎదురుచూపును అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.