ఓపెన్ టాప్ కారు కొన్నారు సరే.. ఆర్సీ ఎవరి పేరున ఉంది?

డబ్బులు ఇచ్చేసి తాళం చేతికి తీసుకున్నంత మాత్రాన కారు మనది అయిపోదు. మామూలు స్విఫ్ట్ అయినా, పైకప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారైనా ఇదే లెక్క. కాకపోతే ఓపెన్ టాప్ కారులో ఇంకో రెండు మూడు చిక్కులు అదనంగా ఉంటాయి. మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాన, ఉప్పుగాలి, పందికొక్కులు వాటిని ఇంకాస్త పెంచుతాయి.

అసలు ఇలాంటి కార్లు మన వైపు కొనేదెవరు అనుకోవచ్చు. గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చినవాళ్లలో, వ్యాపారం కాస్త కుదురుకున్న కుర్రాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు ఉంటారు. కొత్తది కొనాలంటే అందదు. ఏడెనిమిదేళ్లు వాడినదైతే ధర బాగా దిగి వస్తుంది. వడ్డీ లోన్ జోలికి పోకుండా దాచుకున్న డబ్బుతో కొనేద్దాం అనుకునే మన కుటుంబాలకు సెకండ్ హ్యాండే దారి. మన దేశంలో ఇలాంటి కార్లు ముందు నుంచీ తక్కువే. 1998లో శాన్ మోటార్స్ గోవాలో తయారుచేసిన శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఫైబర్ బాడీ కారు మన సొంత ప్రయత్నం. ఎక్కువ మంది కొనలేదు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కనిపించేవి ఎక్కువగా బీఎండబ్ల్యూ జెడ్4, మినీ కూపర్ కన్వర్టిబుల్, ఆడి ఏ3 క్యాబ్రియోలే లాంటివి. స్పోర్ట్స్ కారు కాకపోయినా, పైకప్పు తీసే సరదా మాత్రం కావాలంటే 2020లో వచ్చిన సాఫ్ట్ టాప్ థార్ ఉంది. ఇవి మన ఊళ్లో దొరకడం అరుదు. హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ వైపు నుంచి రావాల్సిందే. చిక్కు మొదలయ్యేది అక్కడే.

ముందుగా ఒక కేసు చెప్పాలి. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ అనే కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. 2009లో ఒక కారు రివర్స్ చేస్తూ ఇద్దరిని గుద్దింది. ఒకరు చనిపోయారు. ఆ కారుకు ఇన్సూరెన్స్ లేదు. మొదటి ఓనర్ దాన్ని 2007లోనే అమ్మేశాడు. తర్వాత అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వెళ్లింది. కానీ ఆర్సీ మాత్రం మొదటి ఆయన పేరునే ఉండిపోయింది. పరిహారం ఎవరు కట్టాలి? ఆర్సీలో ఎవరి పేరు ఉందో చట్టం దృష్టిలో ఆయనే యజమాని, ఆయనే కట్టాలని కోర్టు తేల్చింది. బండి ఎక్కడుందో కూడా తెలియని మనిషి మీద భారం పడింది.

ఇది అమ్మినవాడి సమస్య కదా, కొన్న మనకేంటి అనుకోకండి. రేపు మీరూ అమ్ముతారు. అదీకాక కొన్నవాడి నష్టం వేరే రూపంలో ఉంది. ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలుంటాయి. ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇచ్చేది థర్డ్ పార్టీ. మన కారుకు జరిగిన నష్టానికి ఇచ్చేది ఓన్ డ్యామేజ్. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం కారు చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే కొత్త యజమానికి వస్తుంది. ఓన్ డ్యామేజ్ అలా రాదు. దీనిపై 1995లోనే కంప్లీట్ ఇన్సులేషన్స్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అంటే పాలసీ పాత ఓనర్ పేరునే ఉండగా కారు కాలువలో పడిందనుకోండి, క్లెయిమ్ అడగడానికి ఆయనకు కారు లేదు, మీకు పాలసీ లేదు. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. ఇంకో సంగతి, నో క్లెయిమ్ బోనస్ మనిషిదే గానీ కారుది కాదు. పాత ఓనర్‌కు 50 శాతం తగ్గింపు వస్తుంటే అది ఆయనతోనే వెళ్లిపోతుంది. ఆ తేడా మీరు కట్టుకోవాలి. ఖరీదైన కారులో ఇది చిన్న మొత్తమేమీ కాదు.

ఆర్సీ విషయానికి వద్దాం. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30. వాటి మీద సంతకాలు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర పెద్ద అలవాటు. 'తర్వాత చూద్దాంలే భాయ్' అనే మాట ఆటో కన్సల్టెన్సీల దగ్గర రోజూ వినబడుతుంది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించుకుని, ఇంకో బేరం తగిలేదాకా పాత పేరు మీదే నడిపిస్తారు. 2022 డిసెంబర్‌లో కేంద్రం దీనికి రూల్ తెచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత బండ్లు కొని అమ్మే డీలర్ రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చిన సంగతి పోర్టల్‌లో తెలియజేయాలి. అక్కడి నుంచి దాని బాధ్యత ఆ డీలర్‌దే. కన్సల్టెన్సీలో కొంటుంటే ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

వేరే రాష్ట్రం కారైతే పని రెట్టింపు. అక్కడి ఆర్టీఏ ఎన్‌ఓసీ ఇవ్వాలి, అది ఫారం 28. దాని మీద బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు బ్యాంకు లెటర్, ఫారం 35 కావాలి. మనకు వడ్డీ వద్దు అనుకున్నా పాత ఓనర్ లోన్ మీద కొని ఉండొచ్చు కదా. ఆర్సీలో హైపోథికేషన్ అనే మాట ఉందో లేదో చూడండి. వేరే రాష్ట్రం నంబరుతో మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకోకూడదు. ఇక్కడి నంబరు తీసుకోవాలి, అంటే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీ కారు వయసును బట్టి, ధరను బట్టి ఎంతవుతుందో అడ్వాన్స్ ఇవ్వకముందే తెలుసుకోండి. బేరం ఆడేటప్పుడు 'ఐదు లక్షలు తక్కువకు వచ్చింది' అని సంబరపడి, ట్యాక్స్ కట్టేటప్పుడు గుండె పట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఢిల్లీ కార్లు ఎందుకంత చవక అంటే, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఎన్‌జీటీ, సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. గడువు దగ్గరపడగానే అమ్మేస్తూ వచ్చారు. మన దగ్గర 15 ఏళ్లు దాటిన కారుకు రీ-రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కానీ 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగింది. విదేశం నుంచి దిగుమతి అయిన కారుకైతే 40,000 చేశారు. ఓపెన్ టాప్ కార్లలో చాలావరకు దిగుమతి చేసుకున్నవే. 13 ఏళ్ల జెడ్4 చవగ్గా వస్తోందంటే ఈ లెక్క కూడా కలపండి.

బీకాం చదివినందుకు డబ్బు గురించి రెండు మాటలు. పాత కారు కొంటే 18 శాతం జీఎస్టీ అని 2024 డిసెంబర్‌లో వాట్సాప్‌లో గగ్గోలు రేగింది. అది కారు ధర మొత్తం మీద కాదు. రిజిస్టర్డ్ డీలర్‌కు మిగిలిన లాభం మీద మాత్రమే. ఆయన పది లక్షలకు కొని పదకొండు లక్షలకు అమ్మితే ఆ లక్ష మీద 18 వేలు. మామూలు మనిషి తన కారు మరో మామూలు మనిషికి అమ్మితే జీఎస్టీ లేదు. రెండోది, నగదు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. కట్టల డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తే రేపు పేచీ వస్తే మీ దగ్గర రుజువూ ఉండదు. బ్యాంకు ద్వారానే పంపండి.

కొనేముందు ఒకటి తప్పక చూడాలి. అది కంపెనీ నుంచే ఓపెన్ టాప్‌గా వచ్చిందా, లేక ఎవరైనా మామూలు కారు పైకప్పు కోయించారా? ఇలా కోయించి 'కన్వర్టిబుల్' అని అమ్మేవాళ్లు ఉన్నారు. ఆర్సీలో ఉన్న బాడీ రకం, కారు ఒకేలా ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పైకప్పు కారు బలంలో ఒక భాగం. కంపెనీవాళ్లు ఓపెన్ టాప్ చేసేటప్పుడు కింద ఛాసిస్, ముందు అద్దం ఫ్రేము గట్టి చేస్తారు. షెడ్డులో కట్టర్ పెట్టి కోసినవాడు అవేవీ చేయడు. బోల్తా పడితే ఇక చెప్పక్కర్లేదు.

రెండోది వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీళ్లలో మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మునిగిన కారు కడిగి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపల మట్టి చార ఉంటుంది. స్టెప్నీ తీసి ఆ గుంతలో, సీటు కింద పట్టాల మీద తుప్పు చూడండి. కార్పెట్ ఎత్తి చేయి పెట్టండి. ఓపెన్ టాప్ కారులో వరద రాకపోయినా కార్పెట్ కింద నీళ్లు ఉండొచ్చు. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

గుడ్డ పైకప్పు మీద పడిన వాన అంచుల్లో ఉన్న సన్నని గొట్టాల్లోంచి కిందికి పోయేలా డిజైన్ ఉంటుంది. వేపచెట్టు కింద ఆపితే ఆకులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. నీళ్లు వెనక్కి తన్ని కారు లోపలికి దిగుతాయి. కొన్ని మోడళ్లలో పైకప్పు నడిపే మోటారు, కొన్నిట్లో ఎలక్ట్రానిక్ బాక్సులు సరిగ్గా ఆ నీళ్లు చేరే చోటే ఉంటాయి. అవి పోతే బిల్లు లక్షల్లోకి వెళ్లొచ్చు. జాగ్రత్త మాత్రం పైసా ఖర్చు లేనిది. నెలకోసారి మగ్గుతో కొంచెం కొంచెం నీళ్లు పోసి, కింద నేల మీదికి వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే మెత్తని నైలాన్ తీగతో శుభ్రం చేయాలి. ఇనుప తీగ పెడితే గొట్టం లోపల ఊడిపోతుంది, మళ్లీ అతికించాలంటే సగం కారు విప్పాలి. తడిసిన పైకప్పును మడవకండి, బూజు పడుతుంది. ప్రెషర్ వాష్ గన్ గుడ్డకు దగ్గరగా పెట్టనివ్వకండి. వాటర్ వాష్ సెంటర్ కుర్రాడికి ఈ కారు కొత్త, దగ్గరుండి చెప్పాలి.

బాపట్లవాళ్లకు సూర్యలంక పక్కనే. ఓపెన్ టాప్ కొన్నవాళ్లు మొదటి ఆదివారమే అక్కడికి వెళ్తారు, తప్పేం లేదు. ఇసుకలోకి మాత్రం దింపకండి. తిరిగి వచ్చాక కారు అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుగాలికి బ్రేక్ డిస్కులు రాత్రికి రాత్రే ఎర్రబడతాయి, అది పర్వాలేదు, నడిపితే పోతుంది. అడుగున పట్టే తుప్పు అలా పోదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే గుడ్డ పైకప్పు కారుకు పక్కా షెడ్డు కావాల్సిందే, ప్లాస్టిక్ పట్టా గాలికి నిలవదు. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకూడదు. ఇంజన్‌లోకి నీరు వెళితే లోపల కడ్డీలు వంగిపోతాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ మన డెల్టాలో వృథా కాదు.

రేపల్లె, తెనాలి వైపు పొలాల్లో కోతలయ్యాక ఎలుకలు, పందికొక్కులు ఇళ్ల మీద పడతాయి. రోజూ తీయని కారు వాటికి మంచి ఇల్లు. వైర్లు కొరుకుతాయి, మడిచిన పైకప్పులో గూడు పెడతాయి. వారానికి రెండుసార్లు అరగంట నడపడమే మందు. బ్యాటరీకీ అదే మంచిది. తక్కువ తిరిగిన కారు అని మురిసిపోయే ముందు టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చదవండి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది అని. అరుగుదల లేకపోయినా రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది.

ఇక ఇంట్లో సంగతి. మే నెల మధ్యాహ్నం పైకప్పు తీసి ఎవరూ తిరగలేరు. డిసెంబర్, జనవరిలో ఫజర్ నమాజు అయ్యాక ఖాళీ రోడ్డు మీద గంటసేపు, అంతే దాని సుఖం. రెండు సీట్ల కారైతే అమ్మీ, అబ్బా, పిల్లలు అందరూ ఎక్కలేరు. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకునే కారు కాదిది. ఇంటికి ఇదొక్కటే కారు అయ్యేలా ఉంటే ఇంట్లోవాళ్లతో మాట్లాడాకే కొనండి.

కొన్నారని తెలిసిన మర్నాటి నుంచి పెళ్లిళ్లకు అడుగుతారు. మామూ కొడుకు బారాత్‌కు ఇవ్వడం మన మర్యాద, ఇవ్వండి. డబ్బు తీసుకుని అద్దెకు ఇస్తే మాత్రం సొంత వాడకం కారును కిరాయికి తిప్పినట్టే. అలాంటప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. దూల్హాను కదిలే కారులో సీటు మీద నిలబెట్టి ఊరేగించనివ్వకండి. తాళం ఎవరి చేతికి ఇస్తున్నారో చూసుకోండి. 18 ఏళ్లు నిండని పిల్లవాడు నడిపి ప్రమాదం చేస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, కారు యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా, కారు రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. అప్పటికి మీరు ఆర్సీ మార్పించుకోకపోతే పోలీసులు ముందుగా వెళ్లేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పాత ఓనర్ ఇంటికి.