అవతార్ రెండో సినిమాని ఎవరు మెచ్చుకున్నారు? ఎవరు తప్పుపట్టారు?

ఈసారి గోడపత్రికలో సినిమా సమీక్ష గురించి రాస్తున్నాను. సమీక్ష అంటే తిట్టడం కాదు. ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకు అని కారణంతో చెప్పడం. ఉదాహరణకి తెలుగులో కూడా వచ్చిన 'అవతార్: ద వే ఆఫ్ వాటర్' తీసుకుందాం.

దీని దర్శకుడు జేమ్స్ కామెరూన్. మొదటి సినిమా 2009లో వచ్చింది. ఇది 13 ఏళ్ల తర్వాత 2022 డిసెంబరులో వచ్చింది. పండోరా అనే లోకంలో నావి అనే నీలం రంగు జాతి ఉంటుంది. భూమి నుంచి మనుషులు తుపాకులతో మళ్లీ వస్తారు. అప్పుడు జేక్ కుటుంబం అడవి విడిచి, సముద్రం ఒడ్డున ఉండే తెగ దగ్గరికి పోతుంది.

సమీక్షకులు ఎక్కువగా మెచ్చుకున్నది నీళ్ల దృశ్యాలని. నటులు నిజంగానే పెద్ద నీళ్ల తొట్టిలో మునిగి నటించారు. కేట్ విన్‌స్లెట్ అనే నటి 7 నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టింది. మనం వాగులో మునిగితే 60 లెక్కపెట్టే లోపే పైకి వచ్చేస్తాం గదా! 2023లో విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ బహుమతి వచ్చింది.

తప్పులు కూడా చెప్పారు. 3 గంటల 12 నిమిషాలు చాలా ఎక్కువ అన్నారు. మొదటి దాంట్లో చచ్చిపోయిన కల్నలే మళ్లీ విలన్‌గా వచ్చాడు, కథ పాతదే అన్నారు. అయినా జనం బాగా చూశారు. ప్రపంచమంతా కలిపి 230 కోట్ల డాలర్లు దాటి వసూలైంది.

ఇంకో రకం విమర్శ ఉంది. అది మనకి ముఖ్యం. అమెరికా ఆదివాసులు కొందరు ఈ సినిమా చూడొద్దన్నారు. ఎందుకంటే పచ్చబొట్లు, నగలు, జడలు ఆదివాసులవి తీసుకున్నారు, కానీ ముఖ్య పాత్రలు చాలా వరకు వేరేవాళ్లకి ఇచ్చారు. న్యూజిలాండ్ మావోరి నటుడు క్లిఫ్ కర్టిస్ లాంటి వాళ్లు తక్కువ. బాధపడిన వాళ్లు చెప్పేది మనం వినాలి అని కామెరూన్ జవాబిచ్చాడు.

నేను కోయ పిల్లని. మన తెలుగు సినిమాల్లో కోయదొర అంటే ఈకలు పెట్టి, పిచ్చి మాటలు పలికించి నవ్విస్తారు. కొమ్ముల ఆట ఆడే పండగ రోజు తప్ప మా తాత తలకి తువ్వాలే చుడతాడు. అందుకే ఆ విమర్శ నాకు బాగా అర్థమైంది. అయినా సినిమా నాకు నచ్చింది. పెద్దకొడుకు నెతెయం చనిపోతే ఏడుపొచ్చింది. నచ్చిన సినిమానైనా ప్రశ్న అడగొచ్చు.

కాబట్టి స్నేహితులారా, హాస్టల్ టీవీలో సినిమా వేసినప్పుడు మూడు సంగతులు చూడండి. కథ ఎవరిది? చెప్పేది ఎవరు? నటించేది ఎవరు? మీ సమీక్ష కాగితం మీద రాసి నాకివ్వండి. వచ్చే సంచికలో అతికిద్దాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని