ఇంటికి కొత్త పిల్లి వచ్చినప్పుడు

పల్లెలో ధాన్యం నిలువ ఉండే ఇంటికి పిల్లి లేకపోతే గడవదు. మన వరంగల్ ప్రాంతంలో వడ్లు, మక్కలు ఇంటికి చేరాయంటే ఎలుకలకు పండుగే. ఒక్క రాత్రిలో గోనె సంచికి చిల్లు పడుతుంది. తెల్లవారేసరికి నేలంతా గింజలే. అందుకే మన పెద్దలు కుక్కకు వాకిలి, పిల్లికి ఇల్లు అప్పగించారు. ఉన్న పిల్లి ముసలిదైతేనో, పొరుగువారు కూనను ఇస్తామంటేనో మరొకదాన్ని తెచ్చుకుంటాము. తెచ్చి నడింట్లో వదిలి, "అవే సర్దుకుంటాయిలే" అనుకుంటాము. మేమూ అలాగే అనుకున్నాము. ఆ తరువాత మా ఇంట్లో ఏమి జరిగిందో, దాని నుండి ఏమి నేర్చుకున్నామో చెబితే చదువరులకు కొంత మేలు కలుగుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గంప తెరిచిన సాయంత్రం

మాది వర్ధన్నపేట వైపు ఒక పల్లె. మా నాన్నగారు చనిపోయాక పరకాల వైపు ఉన్న మా అమ్మ ఒంటరిదైంది. ఎంతో బతిమాలితే మా ఇంట్లో ఉండటానికి ఒప్పుకుంది. ఆటోలో ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, గోనెపట్టా కప్పిన గంపలో తాను పెంచుకున్న గోధుమరంగు పిల్లి: ఇదీ ఆమె తెచ్చుకున్న సామాను. మా ఇంట్లో అప్పటికే రెండు పిల్లులున్నాయి. తల్లీకూతుళ్ళు. రెండూ నలుపు తెలుపు మచ్చలవి.

అందరమూ చుట్టూ చేరి నడింట్లో గంప తెరిచాము. కన్ను మూసి తెరిచేలోగా మా పెద్దపిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని దాని మీద పడింది. కొత్తది గోడ పట్టుకుని పాకి దూలం ఎక్కింది. మా చిన్నవాడు నిచ్చెన వేసుకుని దాన్ని దించబోతే బొటనవేలి దగ్గర లోతుగా కరిచింది. ఆ రాత్రి వాణ్ణి తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాము. పెద్దపిల్లి ఇల్లు విడిచి వెళ్ళి నాలుగు రోజులు తిరిగి రాలేదు. చిన్నది వడ్ల సంచుల వెనుక నుండి కదలలేదు.

వీటన్నిటికంటే మా అమ్మ అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. మరునాడు పొద్దున్నే ట్రంకు పెట్టె సర్దుకుని కూర్చుంది. "బిడ్డా, కూతురింట్ల ఎన్నొద్దులుంట? నాతోటి, నా పిల్లితోటి మీకు గీ కష్టమెందుకు? నన్ను మా ఊర్ల దింపి రాండ్రి" అంది. పిల్లిని గోనె సంచిలో వేసి ఊరి బయట వదిలివద్దామని మా ఇంట్లోనే ఒకరిద్దరు అన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడనే పడింది. పిల్లిని పంపివేస్తే తననూ పంపివేసినట్టే ఆమె అనుకుంటుందని నాకు అర్థమైంది.

మా వారు మాత్రం, "అత్తమ్మా, నాలుగు దినాలు ఆగు. తొందరపడ్డది మేమే, పిల్లులది తప్పేం లేదు" అని ఆమెను ఆపి, పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన మా కథంతా విని నవ్వి, "అమ్మా, ఎవరో తెలియని మనిషి మీ ఇంటికి వచ్చి, చెప్పాపెట్టకుండా మీ మంచం మీద పడుకుంటే మీరు ఊరుకుంటారా?" అని అడిగారు.

పిల్లికి ఇల్లంటే ఏమిటి?

కుక్క గుంపులో బ్రతికే జంతువు. పిల్లి అలా కాదు. మన ఇంటి పిల్లుల మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి. అది ఒంటరిగా వేటాడి, తన హద్దు తాను కాపాడుకుని బ్రతికేది. సుమారు 10,000 సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో రైతులు గింజలు నిలువ చేయడం మొదలుపెడితే, గింజల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వచ్చాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. సైప్రస్ ద్వీపంలో దాదాపు 9,500 సంవత్సరాల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లినీ పాతిపెట్టిన ఆనవాలు దొరికింది. అంటే మన వడ్ల సంచి దగ్గర కాపలా కాసే పిల్లి కొలువు ఈనాటిది కాదన్నమాట!

ఇన్ని వేల సంవత్సరాలు మనతో ఉన్నా పిల్లి తన హద్దును మరచిపోలేదు. ఆ హద్దును అది వాసనతో గీస్తుంది. పిల్లి తన చెంపలను గడపకు, మంచం కోడుకు, మన కాళ్ళకు రుద్దుతుంది గదా! మనం దాన్ని ముద్దు అనుకుంటాము. ముద్దు కొంత నిజమే గాని, "ఇది నాది, ఇక్కడ భయం లేదు" అని వాసనతో రాసుకోవడం కూడా అదే. చెంపల్లో, పాదాల్లో దానికి అందుకు తగిన గ్రంథులున్నాయి. మా అమ్మ పిల్లికి మా ఇల్లంతా పరాయి వాసన. మా పిల్లులకు అది ఒక్కటే పరాయి వాసన. మేమేమో ఆ మూడింటినీ ఒక్క నిమిషంలో ముఖాముఖి నిలబెట్టాము.

తలుపు వెనుక పరిచయం

డాక్టరుగారు చెప్పినట్టు మేము మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టాము. మీ ఇంట్లోనూ ఇలా చేయవచ్చు.

మొదటిది, కొత్త పిల్లికి తలుపున్న గది ఒకటి విడిగా ఇవ్వండి. గది లేకపోతే వంటింటి మూలను తడికతో కట్టుదిట్టంగా వేరు చేయండి. అందులో నీళ్ళు, తిండి, పాత బట్ట, దాక్కోవడానికి బోర్లించిన అట్టపెట్టె, దూరంగా ఒక మూల ఇసుక పోసిన తట్ట ఉండాలి. కనీసం రెండు వారాలు ఇలా ఉంచితే, దానికి ఏదైనా జబ్బు ఉన్నా ఈలోగా బయటపడుతుంది. మేము అమ్మ గదిలోనే దాన్ని ఉంచాము. ఇద్దరికీ తోడు దొరికింది.

రెండవది, చూపు కంటే ముందు వాసన కలవాలి. కొత్త పిల్లి పడుకున్న బట్టను పాత పిల్లులు తిరిగే చోట, వాటి బట్టను కొత్తదాని గదిలో వేయండి. బలవంతంగా ముక్కు దగ్గర పెట్టకండి. మొదటి రోజు మా పెద్దపిల్లి (నాలుగు రోజుల తరువాత అదే ఇల్లు చేరింది) ఆ బట్టను చూసి బుసకొట్టి వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి దాని మీద పడుకోకపోయినా పక్క నుండి నడిచి వెళ్ళసాగింది.

మూడవది, మూసిన తలుపుకు ఇటు పాత పిల్లులకు, అటు కొత్తదానికి ఒకే వేళకు తిండి పెట్టండి. మొదట తలుపుకు దూరంగా, తరువాత రోజుకు కొంచెం దగ్గరగా. ఉడికించిన గుడ్డు, చేప ముక్క వంటి ఇష్టమైనవి ఆ వేళకే దాచిపెట్టండి. అవతలి వాసన వచ్చినప్పుడల్లా నోటికి రుచి తగిలితే పిల్లి మనసు మెత్తబడుతుంది.

నాలుగవది, రెండు వైపులా నెమ్మదిగా తింటున్నప్పుడు తలుపు జానెడు తెరవండి, లేదా జాలీ అడ్డం పెట్టి చూడనివ్వండి. అయిదు నిమిషాలు చాలు. గొడవ రాకముందే మూసివేయండి. ఆ తరువాతే ఒకే గదిలో, మీరు ఎదురుగా ఉండగా, కొద్దికొద్దిసేపు కలవనివ్వండి. ఏ మెట్టు దగ్గర భయం కనబడితే అక్కడి నుండి ఒక మెట్టు కిందికి దిగండి.

బుసకొట్టడం, గుర్రుమనడం యుద్ధం కాదు. "దగ్గరికి రాకు" అని చెప్పుకోవడమే. దానికి కోప్పడి కొడితే కొత్తదాని మీద పగ ఇంకా పెరుగుతుంది. చెవులు వెనక్కి అణచి, కన్నార్పకుండా చూస్తూ, తోక విసురుతుంటే మాత్రం జాగ్రత్త. ఒక పిల్లి చప్పుడు లేకుండా గడపలో కూర్చుని రెండవదాన్ని తిండికి పోనివ్వకపోవడం కూడా దౌర్జన్యమే. కలియబడితే మధ్యలో చేయి పెట్టకండి. ఒక చేట గాని అట్టముక్క గాని మధ్యకు దూర్చి విడదీయండి.

తిండి గిన్నెలు వేరువేరు చోట్ల ఉంచండి. ఇసుక తట్టలు పిల్లికొకటి, పైన ఇంకొకటి ఉంటే మంచిది. మూడు పిల్లులకు ఒక్క గిన్నె పెట్టి కలిసి తినమంటే మనం చేతులారా తగాదా పెట్టినట్టే.

మరువరాని జాగ్రత్తలు

కొత్త పిల్లిని పశువైద్యునికి చూపించి, నులిపురుగుల మందు, టీకాలు వేయించండి. కూనకు 8 వారాలు నిండేదాకా తల్లి నుండి వేరు చేయకండి. టీకాలు కూడా ఆ వయసు నుండే మొదలవుతాయి; రేబీస్ టీకా సాధారణంగా 3 నెలలకు. వాంతులు, విరేచనాలతో కూనలను చంపే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు ఒకటుంది. ఆ క్రిమి ఇంట్లో ఏడాది దాకా బ్రతికి ఉండగలదు. పిల్లి ఆ జబ్బుతో చనిపోయిన ఇంటికి టీకా వేయించని కూనను తేకండి. మన ప్రాంతం వారికి మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. మండలాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. జులై 6వ తేదీన చాలా చోట్ల రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక బాలునికి తొలిసారి ఆ టీకా వేయించాడు.

పిల్లి కరిస్తే, గీరితే పసుపు, సున్నం పెట్టి ఊరుకోకండి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. మా చిన్నవానికి సూదులన్నీ తేదీ తప్పకుండా వేయించాము.

పిల్లి 4 నెలల వయసు నుండే చూలు కట్టవచ్చు. రెండు నెలలు దాటగానే ఈనుతుంది. పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయిస్తే అనవసరపు కూనలూ ఉండవు, పోట్లాటలూ తగ్గుతాయి. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి వేస్తే అది విషమే. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో ఆ ఎలుకను తిన్న పిల్లీ చావవచ్చు. రెండు రోజులు ఏమీ తినని పిల్లిని అలిగిందిలే అని వదలకండి, కాలేయం చెడుతుంది.

సంచుల మీద ఒకటి, మంచం కింద ఒకటి

మా ఇంట్లో ఇదంతా కుదిరేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది. కొందరి ఇళ్ళలో మూడు వారాల్లోనే కావచ్చు. ఆరు నెలలూ పట్టవచ్చు. మా చిన్నపిల్లి, అమ్మ పిల్లి ఇప్పుడు ఒకదాని ఒళ్ళు ఒకటి నాకుతాయి. పెద్దపిల్లికి మాత్రం స్నేహం కుదరలేదు. అది వడ్ల సంచుల మీద పడుకుంటుంది, అమ్మ పిల్లి అమ్మ మంచం కింద పడుకుంటుంది. ఎదురుపడితే తల తిప్పుకుని తమ దారిన తాము పోతాయి. మొదట్లో నాకిది వెలితిగా తోచేది. డాక్టరుగారు, "రెండూ కడుపునిండా తిని, నిద్రపోతున్నాయా? అయితే చాలమ్మా" అన్నారు.

ఆ మాట నేను పిల్లుల దగ్గరే వదిలేయలేదు. అమ్మ వచ్చిన రోజున ఆమెను కూడా మేము నడింట్లో నిలబెట్టి "ఇది నీ ఇల్లే" అన్నామే గాని, ఆమెకంటూ ఒక మూల చూపలేదు. ఇప్పుడు ఆమె గదిలో ఆమె చాప, ఆమె పెట్టె, కిటికీలో ఆమె తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఉన్నాయి. వేళకు ఆమెకు నచ్చిన జొన్నరొట్టె ఉంటుంది. మాట్లాడాలనిపించనప్పుడు ఎవరూ పలకరించి విసిగించరు.

మొన్న మక్కలు ఇంటికి వచ్చిన రాత్రి సంచుల వెనుక చప్పుడైంది. నేను లేవబోతే అమ్మ చీకట్లోనే, "నువ్వు పండుకో బిడ్డా, మన పిల్లులున్నయ్ గద" అంది.

"మన పిల్లులు" అన్నది. ఆ ట్రంకు పెట్టె మళ్ళీ సర్దలేదు.