స్వాతంత్ర్య ప్రకటన ఎవరి పేరిట? – స్లొవేనియా అనుభవం

రాజ్యాంగ పత్రాలను సాహిత్య విద్యార్థులు సాధారణంగా చదవరు. అవి న్యాయవాదుల సొత్తు అనీ, వాటిలో మనకు పనికివచ్చేదేమీ వుండదనీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. కాని ఒక సమాఖ్య నుంచి వేరుపడి, తాను ఇకమీదట స్వతంత్ర రాజ్యాన్నని ఒక దేశం ప్రకటించుకొన్నప్పుడు ఆ ప్రకటన చేసే పని చట్టం చేసే పని మాత్రమే కాదు. "మేము" అనే మాటకు అది కొత్త అర్థం యిస్తుంది. ఆ "మేము"లోకి ఎవరు వస్తారు, ఎవరు గడప బయట నిలబడిపోతారు అన్నది ఒక్కొక్కసారి ఒక్క విశేషణం మీద, ఒక్క అవధివాచకం మీద ఆధారపడి వుంటుంది. మాటలతో పనిచేసేవాళ్లు ఆ మాటను పరీక్షించకపోతే మరెవరు పరీక్షిస్తారు? 1991 జూన్ 25న యుగోస్లావియా సమాఖ్య నుంచి వేరుపడిన స్లొవేనియా ఉదాహరణ ఈ దృష్టితో పరిశీలించదగినది. పైగా అక్కడ ఆ ప్రకటనకు పునాది వేసినవారిలో రచయితల సంఘం ఒకటి.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. తెలుగులో "విడిపోవటం" అనగానే మనకు 1953, 1956, 2014 గుర్తుకు వస్తాయి. అవి ఒకే రాజ్యం లోపల సరిహద్దులు మార్చుకోవటం. రాష్ట్రం వేరు, రాజ్యం వేరు. ఇక్కడ చెప్పబోయేది ఒక సమాఖ్య సభ్యురాలు ఆ సమాఖ్యనే వదిలి, తన సైన్యం, తన నాణెం, తన సరిహద్దు ఠాణాలు తాను పెట్టుకొన్న కథ.

స్లొవీనులు ఇరవై లక్షలకు అటూయిటూగా వుండే చిన్న జాతి. వారి భాషలో మొదటి అచ్చుపుస్తకాలు 1550లో ప్రొటెస్టెంటు బోధకుడు ప్రిమొష్ ట్రూబర్ వేయించాడు. శతాబ్దాల తరబడి వారు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల పాలనలో వున్నారు. 1918 తరువాత దక్షిణ స్లావుల రాజరికంలోనూ, రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆరు రిపబ్లికుల సోషలిస్టు సమాఖ్యలోనూ భాగమయినారు. తమదంటూ రాజ్యం లేని జాతికి భాషే రాజ్యం, కవే మంత్రి. వారి సాంస్కృతిక దినం ఒక కవి, ఫ్రాన్సె ప్రెషెరెన్, మరణించిన ఫిబ్రవరి 8. అతను 1844లో రాసిన "జ్ద్రావ్లియిత్సా" అనే గీతం వియన్నా సెన్సారు చేత చిక్కి, 1847లో వచ్చిన అతని సంపుటంలో చేరలేకపోయింది. మరుసటి సంవత్సరం సెన్సారు రద్దయ్యాకనే వెలుగు చూసింది. 1989లో ఆ గీతాన్నే రిపబ్లికు గీతంగా స్వీకరించారు. జాతులన్నింటికీ మేలు కోరుతూ, పొరుగువాడిలో దయ్యాన్ని కాక స్నేహితుణ్ణి చూడమనే గీతం అది. ఈ విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇలాంటి చోట రచయితకు దక్కే గౌరవం ఎక్కువ. ఆ గౌరవంలో ప్రమాదం కూడా వుంది. జాతి గొంతు తనదేనని అనుకోవటం రచయితకు అలవాటవుతుంది.

వివాదం మొదలయింది ఎక్కడనుకొన్నారు? పాఠ్యపుస్తకం దగ్గర. 1980 దశకం మొదట్లో సమాఖ్య అంతటికీ ఉమ్మడిగా పాఠ్యప్రణాళిక వుండాలనే ప్రతిపాదన వచ్చింది. ఏ జాతి సాహిత్యానికి బళ్లో ఎంత చోటు యివ్వాలన్నది లెక్కల ప్రశ్న అయింది. చిన్న జాతి సాహిత్యం తూకంలో తేలిపోతుందని స్లొవీన్ రచయితల సంఘం 1983లో బహిరంగంగా ఎదిరించింది. అది కేవలం పాఠాల తగాదా కాదని రెండు పక్షాలకూ తెలుసు. అంతకు ముందు సంవత్సరమే "నోవా రెవియా" అనే పత్రిక పుట్టింది. 1987లో వెలువడిన దాని 57వ సంచిక స్లొవీన్ జాతీయ కార్యక్రమానికి వ్యాసాలను సమకూర్చింది. పెద్ద దుమారం లేచి, సంపాదకులు దిమిత్రి రూపెల్, నికో గ్రాఫెనావర్ బాధ్యతల నుంచి తప్పుకోవలసి వచ్చింది. (ఆ రూపెల్ మూడేళ్లలో విదేశాంగమంత్రి అయినాడు. పత్రికా సంపాదకులకు యిలాంటి యోగం మన దగ్గర ఎప్పుడూ పట్టినట్టు లేదు.) 1988లో రచయితల సంఘం, సమాజశాస్త్రవేత్తల సంఘం కలిసి ఒక రాజ్యాంగ ముసాయిదానే తయారుచేశాయి. జనం దాన్ని "రచయితల రాజ్యాంగం" అన్నారు.

అదే సంవత్సరం వేసవిలో ల్యుబ్ల్యానాలో ఒక సైనిక న్యాయస్థానం నలుగురిని విచారించింది. అభియోగం సైనిక రహస్యాన్ని బయటపెట్టటం. నిందితుల్లో "మ్లాదినా" వారపత్రికకు చెందినవారు వున్నారు. విచారణ గదిలో జరిగినదానికన్న, విచారణ జరిగిన భాష జనాన్ని ఎక్కువ మండించింది. స్లొవేనియా గడ్డ మీద, స్లొవీనుల మీద, సెర్బో-క్రొయేషియన్‌లో! రాజ్యాంగం సమాన హోదా యిచ్చిన భాషకు తన రాజధానిలోని కోర్టులోనే చోటు దొరకలేదు. వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. వందల పేజీల రాజకీయ సిద్ధాంతం చేయలేని పనిని ఒక్క భాషా అవమానం చేసిందని నా అభిప్రాయం.

1989 మే 8న ల్యుబ్ల్యానాలోని కాంగ్రెస్ కూడలిలో కవి టోనె పావ్చెక్ ఒక పత్రాన్ని చదివి వినిపించాడు. దీనినే మే ప్రకటన అంటారు. సంతకం చేసిన సంస్థల్లో రచయితల సంఘం వుంది. స్లొవీన్ జాతి సార్వభౌమ రాజ్యంలో జీవించాలన్నది అందులోని మొదటి కోరిక. దక్షిణ స్లావులతోనూ, యితర జాతులతోనూ సంబంధాలేమిటో ఆ రాజ్యమే నిర్ణయించుకొంటుందన్నది రెండవది. మానవహక్కులు, ప్రజాస్వామ్యం, బహుళపక్ష విధానం ఆధారంగా అది నడవాలన్నది మూడవది. దీనికి పోటీగా అధికార వర్గాల ఆధ్వర్యంలో వేసవిలో "మౌలిక పత్రం" వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదవటం విద్యార్థులకు మంచి అభ్యాసం. మౌలిక పత్రం యుగోస్లావియాలోనే జీవిస్తామంటుంది; అయితే జాతుల సార్వభౌమత్వానికి హామీ వున్న యుగోస్లావియాలో మాత్రమే అంటుంది. మే ప్రకటన ఆ సమాఖ్య పేరే ఎత్తదు. ఒకటి షరతు పెట్టి వుండిపోతానంటుంది, రెండవది చెప్పకుండానే గడప దాటేస్తుంది. ఒక పేరు వాడకపోవటం కూడా ఒక వాక్యమే.

రచయితల వల్లనే సమాఖ్య విచ్ఛిన్నమయిందని చెప్పటం మాత్రం అతిశయోక్తి. సమాఖ్య జనాభాలో స్లొవీనులు సుమారు 8 శాతం, ఉత్పత్తిలో, ఎగుమతుల్లో వారి వాటా అంతకు చాలా ఎక్కువ. వెనకబడిన ప్రాంతాల నిధికి చెల్లింపులు భారమనే అసంతృప్తి ఏనాటిదో. అప్పుల ఊబి, 1989లో ధరలు రోజురోజుకూ పెరిగిపోయిన ద్రవ్యోల్బణం దాన్ని రగిలించాయి. కొసొవో స్వయంప్రతిపత్తిని బెల్‌గ్రేడ్ హరించటం మరో కారణం. కలిగినవాడు వేరుకాపురం కోరుకోవటంలో స్వార్థం లేదా అని అడిగితే, వుంది. జాతి గౌరవం, ఖజానా లెక్క ఒకే వాక్యంలో కలిసి నడిచాయి. దానిని దాచి కథ చెప్పేవాళ్లు ఆ దేశంలోనూ వున్నారు.

1990 జనవరిలో యుగోస్లావ్ కమ్యూనిస్టు లీగు మహాసభ నుంచి స్లొవీన్ ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు. ఏప్రిల్‌లో బహుళపక్ష ఎన్నికలు జరిగి డెమోస్ కూటమి గెలిచింది. లీగు నాయకుడయిన మిలాన్ కుచాన్ మాత్రం అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. డిసెంబర్ 23న ప్రజాభిప్రాయ సేకరణ. ఓటు వేసినవారిలో మెజారిటీ చాలదనీ, ఓటు హక్కు వున్నవారందరిలో మెజారిటీ రావాలనీ నియమం పెట్టుకొన్నారు. 93 శాతం పైగా ఓటర్లు వచ్చారు; మొత్తం ఓటర్లలో 88.5 శాతం మంది అవునన్నారు. ఓటు వేసినవారంతా స్లొవీనులు కారు. బోస్నియా నుంచి, సెర్బియా నుంచి, క్రొయేషియా నుంచి వచ్చి గనుల్లో, కర్మాగారాల్లో పనిచేస్తూ స్థిరపడిన వేలాదిమంది కూడా వేశారు.

ఇక్కడ ఒక పదాన్ని గమనించాలి. స్లొవీన్ శాసనసభ 1991 ఫిబ్రవరి 20న చేసిన తీర్మానంలో తాము చేస్తున్న పనికి "రజ్ద్రుజితెవ్" అని పేరు పెట్టింది. చెట్టు నుంచి కొమ్మ విరిగినట్టు విడిపోవటానికి వారి భాషలో మరో మాట వుంది. దానిని వాడలేదు. వారు ఎంచుకొన్న మాటకు ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు పరస్పర సమ్మతితో పంపకాలు చేసుకోవటం వంటి అర్థం. కొమ్మ విరిగితే చెట్టు అలాగే వుంటుంది, ఆస్తి చెట్టుదే. పంపకమయితే ఇల్లే లేదు, అందరూ సమాన వారసులు. ఆ సంవత్సరం నవంబర్ 29న యూరోపియన్ సముదాయం నియమించిన బాదింతేర్ సంఘం యుగోస్లావియా విచ్ఛిన్న ప్రక్రియలో వుందని అభిప్రాయపడింది. అంటే రెండవ అర్థమే నెగ్గింది. 1974 సమాఖ్య రాజ్యాంగ పీఠిక ప్రతి జాతికీ విడిపోయే హక్కుతో సహా స్వయంనిర్ణయ హక్కు వుందని పేర్కొన్నది. కాని విడిపోయే పద్ధతి ఏమిటో ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. తలుపు వుందని చెప్పి గొళ్లెం ఎక్కడుందో చెప్పని ఇల్లు అది.

ఇక జూన్ 25. ఆ రోజు శాసనసభ ఒక్క పత్రం కాదు, మూడు ఆమోదించింది: స్వాతంత్ర్యం గురించిన మౌలిక రాజ్యాంగ పత్రం, దాని అమలు కోసం రాజ్యాంగ చట్టం, స్వాతంత్ర్య ప్రకటన. ప్రకటన ప్రపంచంతో మాట్లాడుతుంది. మౌలిక పత్రం చరిత్రతో మాట్లాడుతుంది: సమాఖ్య చట్టబద్ధ రాజ్యంగా పనిచేయటం లేదనీ, అందులో మానవహక్కులు, జాతుల హక్కులు, రిపబ్లికుల హక్కులు తీవ్రంగా ఉల్లంఘింపబడుతున్నాయనీ కారణాలు చెబుతుంది. ఆ గడ్డ మీద వున్న ప్రతి వ్యక్తికీ జాతి భేదం లేకుండా హక్కులకు హామీ యిస్తుంది. ఇటాలియన్, హంగేరియన్ సముదాయాలను పేరుపెట్టి చెబుతుంది. బోస్నియా కార్మికుణ్ణి పేరుపెట్టి చెప్పదు. అమలు చట్టం గుమాస్తాతో మాట్లాడుతుంది. మొదటి రెండింటినీ జనం విన్నారు. మూడవదాన్ని చదివినవారు కొద్దిమందే.

మరునాటి సాయంత్రం రిపబ్లిక్ కూడలిలో కొత్త జెండా ఎగిరింది, జాతికి ప్రతీక అయిన లిండెన్ మొక్క నాటారు. ఈ రాత్రికి కలలు కనవచ్చు, రేపు మరో రోజు అన్న అర్థంలో కుచాన్ మాట్లాడాడు. అప్పటికే సమాఖ్య సైన్యం సరిహద్దుల వైపు కదులుతున్నది. పదిరోజుల యుద్ధం, జూలై 7న బ్రియోని ఒప్పందం, ప్రకటన అమలుకు మూడు నెలల విరామం, 1992 జనవరి 15న యూరోపియన్ సముదాయం గుర్తింపు, మే 22న ఐక్యరాజ్యసమితి సభ్యత్వం – ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ గుమాస్తా పత్రం సంగతి అంత సులభంగా దొరకదు.

ప్రజాభిప్రాయ సేకరణకు ముందు, 1990 డిసెంబర్ 6న, శాసనసభ "సదుద్దేశాల ప్రకటన" చేసింది. అక్కడ శాశ్వత నివాసం వున్న యితర జాతులవారు ఎవరయినా కోరుకొంటే పౌరసత్వం పొందవచ్చునని అందులో మాట యిచ్చింది. అమలు చట్టం 13వ అధికరణం దానిని యిలా మార్చింది: యితర రిపబ్లికుల పౌరులు పౌరసత్వం పొందే వరకు, లేదా విదేశీయుల చట్టంలోని గడువు తీరే వరకు, స్లొవేనియా పౌరులతో సమానమైన హక్కులు కలిగి వుంటారు. "వరకు" అన్న మాటను చూడండి. వాగ్దానంలో లేని అవధి వాక్యంలోకి వచ్చి కూర్చుంది. దరఖాస్తుకు ఆరు నెలలు యిచ్చారు. సుమారు 1,70,000 మంది పౌరసత్వం పొందారు. పెట్టుకోనివారు, పెట్టుకొన్నా తిరస్కరింపబడినవారు మిగిలారు. 1992 ఫిబ్రవరి 26న వారి పేర్లను శాశ్వత నివాసుల పట్టిక నుంచి తొలగించారు. తరువాత ప్రభుత్వమే తేల్చిన లెక్క ప్రకారం 25,671 మంది. ఎవరికీ నోటీసు లేదు. ఏదో పని మీద కార్యాలయానికి వెళ్లినప్పుడు గుమాస్తా వారి గుర్తింపు కార్డు తీసుకొని రంధ్రం పొడిచి యిచ్చినప్పుడు తెలిసింది. దానితో ఉద్యోగం, వైద్యం, పింఛను, ఇల్లు ఒకదాని వెంట ఒకటి పోయాయి. కొందరిని దేశం దాటించారు. వారికి "ఇజ్బ్రిసాని" అన్న పేరు వచ్చింది – చెరిపివేయబడినవారు.

పొరుగువాడు స్నేహితుడు కావాలన్న గీతాన్ని జాతీయగీతం చేసుకొన్న దేశంలో యిది జరిగింది. ద్వేషంతో రెచ్చిపోయిన మూక చేసిన పని కాదు, కార్యాలయంలో మామూలు పనివేళల్లో జరిగిన పని. ఒక సైనిక కోర్టులో తమ భాషకు జరిగిన అవమానానికి వీధిలోకి వచ్చిన మేధావి వర్గం దీనిని చాలాకాలం పట్టించుకోలేదు. మే ప్రకటనలోని "స్లొవీన్ జాతి సార్వభౌమ రాజ్యం" అన్న పదబంధంలోనే ఈ మౌనానికి బీజం వుందా? వుందని నేను అనుకొంటున్నాను. రాజ్యం జాతిదయితే, జాతి కానివాడు అతిథి అవుతాడు. అతిథికి గడువు వుంటుంది. అయితే అదే పత్రం మానవహక్కుల ఆధారాన్ని కూడా చెప్పింది కాబట్టి నేరమంతా దాని మీద మోపటం న్యాయం కాదు. రెండు వాక్యాల్లో దేనిని ముందు అమలు చేయాలో నిర్ణయించింది గుమాస్తా బల్ల.

రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనూ, మళ్లీ 2003లోనూ ఈ తొలగింపు చెల్లదన్నది. 2004 ఏప్రిల్‌లో, వారి హోదాను పునరుద్ధరించే ఒక చట్టాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పెడితే, వచ్చిన కొద్దిమంది ఓటర్లలో దాదాపు 95 శాతం వద్దన్నారు. 2012 జూన్ 26న యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం మహాధర్మాసనం స్లొవేనియాను తప్పుపట్టింది. 2022లో దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు.

సాహిత్యం ఆలస్యంగానయినా వచ్చింది. మిహా మజ్జీని 2014లో ఈ విషయం మీద నవల రాసి, 2018లో తానే చలనచిత్రంగా తీశాడు. అందులో ఒక స్త్రీ ప్రసవానికి ఆస్పత్రికి వెళ్తుంది. బిడ్డ పుడుతుంది. కంప్యూటరులో తల్లి పేరు వుండదు.